మోడల్ రైల్వేకి చెట్లూ కొండలూ విదేశాల నుంచి తెప్పించాలా?

ప్రశ్న ఇది: "ఇంట్లో చిన్న మోడల్ రైల్వే మొదలుపెట్టాను. ఇంజనూ పెట్టెలూ పట్టాలూ కొన్నాను. చెట్లు, గడ్డి, కొండలు విదేశాల నుంచి తెప్పించుకోవడం తప్ప మార్గం లేదా? మన దగ్గర దొరికేవాటితో చేస్తే బాగుంటుందా?"

తెప్పించుకోవద్దు. ఒక్క చెట్టు కూడా వద్దు. ఇంజన్ అంటే మనం ఇంట్లో చేసుకోలేం కాబట్టి కొంటాం. మట్టి కొనడమేమిటండీ?

నేను పుట్టింది బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో. ఒకప్పుడు అక్కడ పెద్ద ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. మా నాయన ఆ ఇంజన్ల మీద బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశాడు. ఇప్పుడు కావలిలో ఉంటున్నాను. పదకొండేళ్లుగా మేడ మీద గదిలో ఈ పనే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదట్లో నేనూ ప్యాకెట్లు తెప్పించాను. పన్నెండు చెట్లకి పెట్టిన డబ్బుతో ఇంకో రెండు పెట్టెలు వచ్చేవి. తీరా చూస్తే అన్నీ చలిదేశాల చెట్లు, కోసుగా పైకి లేచినవి. గడ్డి కూడా మంచు కరిగాక మొలిచే పచ్చ. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని చూడండి, ఆ పచ్చ ఎక్కడైనా కనబడుతుందేమో. పెన్నా దాటి పడుగుపాడు రాగానే వరి. ఉలవపాడు దగ్గర మామిడి తోటలు, టంగుటూరు చుట్టుపక్కల పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, మధ్యమధ్య రొయ్యల గుంటలు, దారి పొడుగునా తాటిచెట్లు, దుమ్ము కొట్టుకుపోయిన సర్కారు తుమ్మ. మన దగ్గర పచ్చ రెండే రకాలు: నారుమడి పచ్చ, తుమ్మ మీది బూడిద పచ్చ. ఈ రెండూ కలపడం వస్తే సగం పని అయిపోయినట్టే.

ఇంకో మాట. మనం వాడే హెచ్ఓ స్కేలులో ఏదైనా అసలుదానిలో 87వ వంతు. అందులో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి 87తో భాగిస్తే 19 పైన రావాలి. దీని మీద గంటలకొద్దీ కొట్టుకునేవాళ్లు నాకు తెలుసు. వాళ్ల బల్ల మీద చూస్తే ఒట్టి ప్లైవుడ్ కనబడుతుంది. ఆ మూడు మిల్లీమీటర్ల తేడా చూసేవాడికి తెలియదు. పట్టాల పక్కన తాటిచెట్టు నిలబడి ఉంటే అది మన లైనే.

మట్టి సంగతికి వస్తాను. ఇల్లు కట్టేచోట రోబో ఇసుక, అంటే రాయిని పిండి చేసిన ఇసుక, అడిగితే ఒక డబ్బాడు ఊరికే ఇస్తారు. పట్టాల కింద పోసే అసలు కంకర రాయి 50 మిల్లీమీటర్లు ఉంటుందనుకుంటే మన స్కేలులో అర మిల్లీమీటరు పైన అంతే. అందుకని ముందు టీ వడగట్టే జల్లెడలో జల్లించండి. కిందకి దిగినదాన్ని పాత వాయిల్ చీర ముక్కలో మళ్లీ జల్లించి, గుడ్డ మీద మిగిలింది వాడండి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పొడి మాత్రం వద్దు. అందులో బంగారు రంగు మెరుపులుంటాయి, ట్యూబ్‌లైటు కింద కంకరంతా చెమ్కీ చల్లినట్టుంటుంది. పట్టాల మధ్య పొడిగా పోసి, కుంచెతో సర్ది, గిన్నెలు తోమే సబ్బునీళ్లు ఒక చుక్క కలిపిన నీళ్లని మంచులా స్ప్రే చేయండి. తర్వాత ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి డ్రాపర్‌తో వదలండి. సబ్బు లేకపోతే ఫెవికాల్ లోపలికి దిగదు, పైనే ముత్యంలా నిలబడి కంకరని పక్కకి తోసేస్తుంది. రాత్రంతా కదపకండి.

సముద్రపు ఇసుక జోలికి అసలు పోవద్దు. తుమ్మలపెంట నుంచి తెచ్చి ఒక మూల పోశాను. వానాకాలం వచ్చేసరికి ఉప్పు చెమ్మ లాగేసి పట్టాల మీద పచ్చటి చిలుము పట్టింది. ఇంజన్ అక్కడికి వచ్చి ఆగిపోయేది. ఆ మూలంతా గీకి తీయడానికి నాలుగు ఆదివారాలు పోయాయి.

తాటిచెట్టు: అసలుది 15 మీటర్లుంటే మనది 17 సెంటీమీటర్లు. అందరూ ఎనిమిదో తొమ్మిదో చేసి ఆపేస్తారు, అవి ఈతచెట్లలా ఉంటాయి. వెదురు పుల్లకి నూలు దారం దగ్గరదగ్గరగా చుట్టి ఫెవికాల్ పూస్తే మాను మీది గీతలు వస్తాయి. ఆకులు కాగితమే, విసనకర్ర మడతలు పెట్టి కత్తిరించాలి. ఎండిన ఆకులు కొన్ని కిందికి వేలాడదీయడం మరిచిపోవద్దు. గూడూరు, సైదాపురం వైపు బంధువులుంటే కాకిబంగారం, అదే అభ్రకం, రెండు రేకులు తెప్పించుకోండి, సిగ్నల్ క్యాబిన్ కిటికీలకి దాన్ని మించిన అద్దం లేదు.

ఇదేదో విదేశీ సరదా అంటారు కొందరు. ఆ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. సంక్రాంతికి మా అమ్మ బొమ్మల కొలువు పెట్టేది. వారం ముందే పళ్లెంలో మట్టి పోసి ఆవాలు చల్లేది. పండగనాటికి అది పొలం. అద్దం ముక్క చెరువు, ఇటుకల మీద తడిగుడ్డ పరిచి మట్టి మెత్తితే కొండ. ఇరుగుపొరుగు వచ్చి చూసి, ఆ ఆవు ఇటు తిప్పితే బాగుంటుందమ్మా అని వాళ్లే తిప్పేవాళ్లు. నేను చేస్తున్నది అదే. అందులో రైలు తిరుగుతుంది, అంతే తేడా.

ఇప్పుడు మీరు అడగనిది, కానీ అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. చేసినదాన్ని పదిమందికి చూపించండి. ఫొటో పెట్టి ఊరుకోవడం చూపించడం కాదు. ఇంటికి పిలవాలి.

మూడేళ్ల క్రితం సంక్రాంతికి బిట్రగుంట షెడ్డు పూర్తి చేశాను. ఇంజన్ బూడిద దులిపే బూడిద గుంట, ఇంజన్‌కి నీళ్లు పట్టే నీళ్ల కాలమ్, బొగ్గు కుప్ప అన్నీ పెట్టాను. నేల కోసం మంచి ఎర్రమట్టి ఎండబెట్టి, జల్లించి పరిచాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మా కాలనీలో ఉండిన రిటైర్డ్ డ్రైవర్ ఒకాయన, మేమంతా మామా అని పిలిచేవాళ్లం, కొడుకు బండి మీద వచ్చాడు. ఎనభై దాటినాయన. మేడ మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చి కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"ఏంది నాయనా, షెడ్డు కింద ఇంత ఎర్రగా ఉంది? నేను చేసినన్నాళ్లూ ఆడ మట్టి రంగు చూళ్లేదు. అంతా బూడిదే. మీ నాయన ఇంటికొస్తే కాళ్లు ఎట్టా ఉండేవో మరిచిపోయినావా?"

మరిచిపోలేదు. బావి దగ్గర మా అమ్మ బకెట్టు పెట్టుకుని ఎదురుచూసేది. ఆ నీళ్లు నల్లగా పోయేవి. అంతా తెలిసి కూడా నేను బల్ల మీద అందమైన మట్టి పోశాను.

బొగ్గు ఉందా అని అడిగాడు. మా ఆవిడ వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లి గుప్పెడు బొగ్గులూ బూడిదా అడిగి తెచ్చింది. మామ రోట్లో తనే నూరాడు. చేతులు వణుకుతున్నా చిటికెతో చల్లడంలో తడబాటు లేదు. బూడిద గుంట చుట్టూ దట్టంగా, బయటికి పోయేకొద్దీ పలచగా చల్లాడు. నీళ్ల కాలమ్ దగ్గర ఆగాడు. "ఇది ఎప్పుడూ కారతానే ఉండేది. మే నెల్లో కూడా దీని కింద పచ్చగడ్డి. కాలనీ మేకలన్నీ ఈడనే." ఆ గడ్డి నేను పెట్టలేదు. అప్పటికప్పుడు కొబ్బరి పీచు సన్నగా కత్తిరించి, పచ్చరంగు ముంచి, అరచేయంత మేర అతికించాను. షెడ్డు మొత్తంలో ఆ ఒక్కచోటే పచ్చ. ఇప్పుడు ఎవరొచ్చినా కన్ను ముందు అక్కడికే పోతుంది. ఏ ప్యాకెట్ మీదా, ఏ వీడియోలోనూ అది రాసి ఉండదు. ఆ నేల మీద తిరిగిన మనిషి చెబితేనే తెలుస్తుంది.

పోయే ముందు షెడ్డు గోడ పక్కన వేలు పెట్టి, మీ నాయన ఈడ కూచోని క్యారేజీ తినేవాడు అన్నాడు. మనిషి నిలబడితే మన స్కేలులో రెండు సెంటీమీటర్లకి కొంచెం తక్కువ. కూర్చున్నవాడు ఇంకా చిన్న. అగ్గిపుల్ల చెక్కి పెట్టాను.

ఆ తర్వాతే ఒంగోలులో ఒక స్నేహితుడు, గూడూరులో ఒకరు, నేను కలిసి బల్లలు కలుపుకుందామనుకున్నాం. మూడడుగుల బల్లలు, అంచు దగ్గర పట్టా ఎత్తూ, అంచు నుంచి దూరమూ ముగ్గురికీ ఒకటే. కలిపితే పట్టాలు కలిశాయి, నేల కలవలేదు. ఒంగోలాయనది నల్లరేగడి, గూడూరాయనది ఎర్రనేల. ఇద్దరిదీ నిజమే, కానీ బల్ల మారగానే ఊరు మారినట్టుంది. అందుకని ఒక డబ్బాడు మట్టి కలిపి ముగ్గురం పంచుకున్నాం. అంచు నుంచి జానెడు మేర అదే మట్టి. లోపలికి ఎవరి నేల వాళ్లది.

క్వార్టర్స్, క్యాబిన్, పొగాకు బ్యారన్ కాగితం నమూనాలు కూడా గీసి అడిగినవాళ్లకల్లా పంపిస్తాను. ఒక్కటే జాగ్రత్త. జిరాక్స్ షాపులో అడగకుండానే పేజీకి సరిపడేలా కుదించి ప్రింట్ తీస్తారు. నెల రోజులు కష్టపడి కట్టిన బ్యారన్ తలుపులోంచి మనిషి బొమ్మ దూరకపోతే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ప్రతి కాగితం మీదా 10 సెంటీమీటర్ల గీత వేశాను. కత్తెర పట్టేముందు స్కేలు పెట్టి ఆ గీత కొలవండి. నూరు శాతం సైజులో తీయమని చెప్పి, పక్కన నిలబడి తీయించుకోండి.

కొందరు నమూనాలు దాచుకుంటారు, ఎలా చేశారని అడిగితే జవాబివ్వరు. వాళ్లు పోయాక ఆ కాగితాలు పాత పేపర్లవాడికి పోతాయి, అది తలుచుకుంటేనే నాకు దిగులు. నమూనా కావాలంటే కింద రాయండి. కావలి వైపు వచ్చే పనుంటే డబ్బా ఒకటి తెచ్చుకోండి, జల్లించిన కంకరా, మామ నూరగా మిగిలిన బొగ్గు పొడీ ఉన్నాయి, ఇస్తాను.