చీటీ మీద దిగని అంకె

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది గుణుపురం. నాకు 26 ఏళ్లు. మూడో నెలలో రక్తస్రావమైతే స్కానింగ్ చేసి ముత్యాల గర్భం (మాయ అసహజంగా పెరిగే గర్భం) అన్నారు, కడుపు శుభ్రం చేశారు. అప్పటినుంచి వారం వారం హెచ్‌సీజీ (గర్భ హార్మోన్) రక్తపరీక్ష. మొదట్లో బాగానే దిగింది. గత నాలుగు వారాలుగా 1,240, 1,190, 1,260, 1,210 దగ్గరే ఆగింది. విశాఖలో క్యాన్సర్ ఇంజెక్షన్లు మొదలుపెడతామంటున్నారు. ముక్క తీసి చూడకుండానే క్యాన్సర్ అని ఎలా చెబుతారు? గర్భసంచి తీయించేస్తే పీడ విరగడవుతుందని మా అత్తగారు అంటున్నారు. నాకింకా పిల్లల్లేరు.

జవాబు: అమ్మా, నాలుగు చీటీలూ దాచి, అంకెలు వరుసగా రాసి పంపావు. సగం రోగనిర్ధారణ నువ్వే చేశావు. హెచ్‌సీజీని తయారు చేసేవి మాయ కణాలు. గర్భ పరీక్ష పుల్ల మీద రెండో గీత పడేది దానివల్లే. కడుపు శుభ్రం చేశాక అది దిగుతూ పోవాలి. మూడు వారాల వ్యవధిలో నాలుగుసార్లు చూసినా కదలలేదంటే ఆ కణాలు ఎక్కడో పాతుకున్నాయని అర్థం. ఈ జబ్బును తేల్చడానికి ఈ అంకెలే చాలు, ముక్క పరీక్ష అవసరం లేదు. పైగా ఈ గడ్డలు నెత్తుటి తిత్తులు, కోస్తే రక్తం ఆగడం కష్టం.

ఇది నీ తిండి వల్లో, గ్రహణం వల్లో రాలేదు. సంపూర్ణ ముత్యాల గర్భంలో సాధారణంగా తల్లి జన్యువులు లేని అండంలో తండ్రి జన్యువులే రెట్టింపవుతాయి. పిండం ఉండదు, మాయ మాత్రం ద్రాక్షగుత్తిలా ఉబ్బుతుంది. (తండ్రివైపువి అన్నానని మీ ఆయన మీద పడకు, ఆయన చేసిందీ ఏమీ లేదు.) ఇలాంటి గర్భాల్లో నూటికి 15 నుంచి 20 మందికి తర్వాత మందులు అవసరమవుతాయి.

ఛాతీ ఎక్స్‌రే తీశారా? ఈ కణాలు ముందుగా వెళ్లేది ఊపిరితిత్తులకే. నేను పర్లాకిమిడిలో ఉన్న రోజుల్లో వంశధార అవతలి నుంచి ఒకామె వచ్చింది. దగ్గులో రక్తం పడుతోందని మూడు నెలలు టీబీ మందులు మింగింది. అంతకుముందు గర్భం పోయిందా అని ఎవరూ అడగలేదు. నేనూ రెండోసారి వచ్చినప్పుడే అడిగాను, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. గర్భ పరీక్ష పుల్ల అసలు సంగతి చెప్పింది. ఆమెకు ఐదు మందుల చికిత్స పట్టింది, నిలబడింది.

నీది ఆ స్థాయి కాకపోవచ్చు. వయసు, హెచ్‌సీజీ, వ్యాప్తి వంటివి చూసి స్కోరు వేస్తారు. ఆరు వరకూ వస్తే తక్కువ ప్రమాదం, అందులో దాదాపు అందరూ నయమవుతారు. నీ స్కోరెంతో అడిగి రాయించుకో. అత్తగారికి చెప్పు: గర్భసంచి తీసినా బయటికి పాకిన కణాలు పోవు, రక్తపరీక్షలూ తప్పవు. దాన్ని ఉంచుకునే నయం కావచ్చు. చికిత్స అయ్యాక ఏడాదిపాటు గర్భం రాకూడదు, అంతే. అంకె మామూలయ్యేదాకా కాపర్‌-టీ వేయించుకోకు. పరీక్ష ఒక వారం రాయగడలో, ఒక వారం విశాఖలో కాకుండా ఒకే ల్యాబులో చేయించు.

నీకు ఇవ్వబోయేది బహుశా మెథోట్రెక్సేట్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో కణాలు పెరగడానికి కావాల్సిన ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌నూ తయారు చేసింది, దాన్ని అడ్డుకునే ఈ జాతి మందులనూ తయారు చేసింది. 1956లో ఈ మందుతోనే ఈ జాతి క్యాన్సర్ మొదటిసారి నయమైంది. అందుకే ఒక మాట. ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్రమాత్రలు నీరసానికని ఇంకా వేసుకుంటున్నావేమో. వాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, విశాఖ డాక్టరుకు చూపించేదాకా ఆపు. ఇంజెక్షన్ మర్నాడు వాళ్లిచ్చే ఫోలినిక్ యాసిడ్ మాత్ర వేరు, అది మంచి కణాలను కాపాడేది, దాన్ని మాత్రం మానకు.