సమాధానం: ఇంటి అడ్రస్ కాదు, భాష పట్టుకుని వెతకండి

నమస్తే అండీ. షికాగోలో పుట్టిన మీవారి ముత్తాత జ్ఞానస్నానం రికార్డు కోసం, వాళ్ల పాత ఇంటికి దగ్గర్లోని కాథలిక్ చర్చిలో అడిగితే లేదన్నారని రాశారు. ఆయనది పోలిష్ కుటుంబం అన్నారు కదా, చిక్కు అక్కడే ఉంది.

మన దగ్గర విచారణ (ఒక చర్చి కింద ఉండే పారిష్) అంటే ఆ పరిధిలోని కాథలికులందరిదీ. అప్పటి షికాగోలో అలాంటివాటితో పాటు భాషను బట్టి ఏర్పడిన విచారణలూ చాలా ఉండేవి. పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) సొంత భాషలో చెప్పుకోలేకపోతే మనిషికి ఊరట ఎక్కడిది? ఒక్క నోబుల్ స్ట్రీట్‌ మీదే చూడండి: జర్మన్లకు సెయింట్ బోనిఫేస్, పోలిష్ వాళ్లకు 1867లో మొదలైన సెయింట్ స్టానిస్లాస్ కోస్త్కా, దానికి నడక దూరంలో మళ్లీ పోలిష్ వాళ్లదే హోలీ ట్రినిటీ. కాబట్టి వాళ్ల పాత ఇంటి చుట్టుపక్కల ఉన్న పోలిష్ విచారణలన్నీ రాసుకుని, ఒక్కొక్కటీ చూడండి.

పేరు విషయంలో చాలామంది పొరబడతారు. రిజిస్టర్లు ఎక్కువగా లాటిన్‌లో రాశారు. ఇంట్లో వోయ్‌చెహ్ అని పిలుచుకున్న బాబు అందులో అడాల్బెర్టస్ అవుతాడు. అందుకే ఇంటిపేరుతో, తల్లిదండ్రుల పేర్లతో పోల్చుకోండి.

చర్చి మూతపడినా టెన్షన్ వద్దు. పాత రిజిస్టర్ల కోసం షికాగో అగ్రపీఠం (అక్కడి కాథలిక్ చర్చిలన్నిటినీ చూసే ఆర్చ్‌డయోసిస్) ఆర్కైవ్స్‌కు రాయండి. అంతకంటే ముందు పూర్వీకుల రికార్డులు వెతికే ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో చూడండి, 1925 వరకు షికాగో కాథలిక్ రికార్డులు అక్కడ ఉన్నాయి. దొరికితే తప్పకుండా ఇక్కడ చెప్పండి.