ఫ్రీ బొమ్మ ఎంతవరకు ఫ్రీ?

దిల్‌సుఖ్‌నగర్‌లో కర్రీ పాయింట్ పెడుతున్నాం, నెట్‌లో ‘ఫ్రీ’ అని దొరికిన వంకాయ బొమ్మ ఫ్లెక్స్ మీద వేసుకోవచ్చా అని అడిగారు.

ఫ్రీ అంటే డబ్బులు కట్టక్కర్లేదనే, హక్కులు వదిలేశారని కాదు. ముందు బొమ్మ ఉన్న పేజీలో లైసెన్స్ పేరు వెతకండి. క్రియేటివ్ కామన్స్ అంటే గీసినవాళ్లు ‘ఈ షరతులతో వాడుకోండి’ అని ముందే ఇచ్చేసే లైసెన్సులు. అందులో ‘బై’ (BY) అని ఉంటే గీసినవాళ్ల పేరు వేయాలి. ‘ఎన్‌సీ’ (NC) కనిపిస్తే వ్యాపారానికి వాడకూడదు, మీరు ఆ బొమ్మ వదిలేయడమే. ‘ఎన్‌డీ’ (ND) అయితే మార్చి పంచకూడదు. వంకాయకి మీసాలు పెట్టి ఫ్లెక్స్ కొట్టిస్తే తప్పే. ‘సీసీ జీరో’ (CC0) దొరికిందా, టెన్షన్ లేదు, పేరు కూడా అక్కర్లేదు.

పేరు ఎక్కడ వేయాలంటారా? కింద మూలన, ఫోన్ నంబర్ పక్కన చిన్న అక్షరాల్లో: బొమ్మ పేరు, గీసినవాళ్లు, లైసెన్స్, లింకు. ప్రింటింగ్ షాపులో “ఇదెందుకన్నా, తీసేద్దాం” అంటారు. తీయనివ్వకండి.

గూగుల్ ఇమేజెస్ వెతుక్కునే చోటు మాత్రమే, అక్కడ కనిపించిందల్లా ఫ్రీ కాదు.

లోగోకి మాత్రం ఇలాంటి బొమ్మ వద్దంటాను. రేపు పక్క సందులో ఇంకొకరు అదే వంకాయ దించుకుంటే మీరు ఆపలేరు. దించుకున్న రోజే లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచుకోండి.