ఎక్కాలన్నీ వచ్చినా లెక్క తిప్పి అడిగితే పిల్లలు ఎందుకు తడబడతారు?

"మా అబ్బాయి నాలుగో తరగతి. ఎక్కాలు గడగడా అప్పజెప్తాడు. లెక్క కాస్త తిప్పి అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాడు. అసలు లెక్కల ఆలోచన ఏ వయసులో, ఎలా వస్తుంది?" అని అడిగారు. హైస్కూల్లో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను కాబట్టి నేను దగ్గరగా చూసింది రాస్తున్నాను.

ముందుగా, మీ అబ్బాయిలో లోపమేమీ లేదు. అంకెలూ గుర్తులూ అవే ఉంటాయి, వయసు పెరిగేకొద్దీ పిల్లలు వాటిని అర్థం చేసుకునే తీరు మారుతుంది. మారే ప్రతిచోటా కొంతకాలం తడబాటు తప్పదు.

నాలుగైదేళ్ల పిల్లల ముందు చింతపిక్కలు రెండు వరసల్లో సమానంగా పేర్చి, ఒక వరసను కాస్త ఎడంగా జరపండి. "ఏది ఎక్కువ?" అంటే చాలామంది పొడుగ్గా కనిపించే వరసనే చూపిస్తారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే దీన్ని ఎప్పుడో గమనించి రాశాడు. ఆరేడేళ్లు వచ్చేసరికి అదే పిల్లలు "జరిపారంతే కదా, ఎక్కువెందుకవుతాయి?" అని మనల్నే అడుగుతారు.

బడిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం సమానం గుర్తు. ఆరో తరగతిలో బోర్డు మీద 8 + 4 = □ + 5 అని రాసి గడి నింపమనేదాన్ని. ఎక్కువమంది 12 అని రాసేవారు. కొందరు అన్నీ కలిపేసి 17 అనేవారు. సరైన జవాబు 7. అమెరికాలో 1990ల చివర్లో ఇదే లెక్క ఇస్తే 145 మంది ఆరో తరగతి పిల్లలూ 12 అనో 17 అనో రాశారు. వీళ్లకు కూడికలు రాక కాదు. అన్నేళ్లుగా ఆ గుర్తు తర్వాత జవాబే రాస్తూ వచ్చారు కాబట్టి, దాన్ని "ఇక జవాబు రాయి" అన్న ఆజ్ఞగానే చూస్తున్నారు. అటూ ఇటూ విలువ ఒకటే అన్న సంగతి తట్టదు. అది తట్టకుండా ఏడో తరగతిలో x వచ్చిపడితే ఇక టెన్షనే. బీజగణితం అంటే భయం చాలామందికి అక్కడే మొదలవుతుంది.

భిన్నాలదీ అదే కథ. 4 పెద్దది కాబట్టి 1/4 కూడా 1/3 కంటే పెద్దదే అనుకుంటారు. ఒక రొట్టెను ముగ్గురికి, అలాంటిదే ఇంకోటి నలుగురికి పంచమంటే ఒక్కరూ పొరబడరు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో నాకు చాలా ఇష్టమైన మార్పు ఒకటి వస్తుంది. రెండు బేసి సంఖ్యలు కలిపితే సరి సంఖ్యే వస్తుందా అని అడిగితే, చిన్న పిల్లలు 3 + 5, 7 + 9 చేసి చూసి "అవును టీచర్" అంటారు. ఒకసారి ఒక అమ్మాయి ఏ సంఖ్యా తీసుకోకుండానే, "బేసి అంటే జతలన్నీ పోగా ఒకటి మిగులుతుంది. ఆ మిగిలిన రెండూ కలిస్తే ఇంకో జతే కదా టీచర్" అంది. ఎన్ని సంఖ్యలకు చేసి చూసినా రాని నమ్మకం ఆ ఒక్క మాటతో వస్తుంది. నా దృష్టిలో గణితం మొదలయ్యేది అక్కడే.

ఇదంతా బడిలోనే రావాలని లేదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద 1985లో ఒక అధ్యయనం వచ్చింది. బేరం దగ్గర 98 శాతం లెక్కలు సరిగ్గా చెప్పిన ఆ పిల్లలే, అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతమే చేయగలిగారు.

పెద్దయ్యాకా ఇది ఆగదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు ఎంతో మన ఊళ్లలో అందరూ నోటితోనే చెప్పేస్తారు. అదే బ్యాంకు 12 శాతం అంటే ఏది భారమో తేల్చుకోలేక ఆగిపోయేవాళ్లు ఉన్నారు. మొదటిది నెలకు, రెండోది ఏడాదికి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, బ్యాంకుకు రెట్టింపు. గుణకారం అందరికీ వచ్చు, రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చి చూడాలని తట్టడమే పెద్దరికంలో రావాల్సిన లెక్క.

మీ అబ్బాయి విషయంలో ఎక్కాలు మానిపించకండి, అవి కావాలి. ఏడు ఎనిమిదులు మర్చిపోతే ఎలా కనుక్కుంటావని అడగండి. "ఏడు ఏళ్లు నలభై తొమ్మిది, ఇంకో ఏడు కలిపితే యాభై ఆరు" అన్నాడంటే వాడు సరైన దారిలోనే ఉన్నాడు. జవాబు సరిగ్గా చెప్పినప్పుడు కూడా "ఎలా తెలిసింది?" అనండి. తప్పు చేసినప్పుడే అలా అడిగితే పిల్లలు ఆ ప్రశ్న వినగానే జవాబు చెరిపేసుకుంటారు.