యుద్ధం ముగిశాక కూడా బర్మా నుంచి వచ్చిన మన సిపాయిలు జ్వరాలతో క్యాంపుల్లో ఎందుకు ఉండిపోయారు?

1945లోనే రెండో ప్రపంచ యుద్ధం ఆగిపోయింది కదా, మరి బర్మా నుంచి వచ్చిన మన సిపాయిలు ఆ తర్వాత కూడా మలేరియాతో ఎందుకు మంచాన పడ్డారని అడిగారు. మా తాతయ్య వాళ్ళలో ఒకరు.

ఆయన సైన్యంలో లారీ డ్రైవరు. ఫ్రంట్‌లో మలేరియా రాకుండా రోజూ మెపాక్రిన్ మాత్ర ఇచ్చేవాళ్ళు. పాత మలేరియా మందు క్వినైన్ ఎక్కువగా జావా దీవి నుంచే వచ్చేది; 1942లో అది జపాన్ చేతికి పోవడంతో క్వినైన్‌కి కటకట వచ్చింది మరి. సిపాయిలను వరసలో నిలబెట్టి, మింగాక నోరు తెరిపించి చూసేవారట. అది వేసుకుంటే మగతనం పోతుందని పుకారు పుట్టి, చాలామంది ఉమ్మేసేవారు. ఒళ్ళు పసుపు పచ్చగా మారడం మాత్రం నిజమే.

ఆ మాత్ర రక్తంలోని క్రిమిని అణిచేది కానీ, కాలేయంలో దాక్కున్న వైవాక్స్ అనే రకం మలేరియా క్రిమి జోలికి పోలేదు. యుద్ధం అయ్యాక రాంచీ దగ్గర క్యాంపులో మాత్ర ఆపేశారు, జ్వరం లేచింది. మిట్టమధ్యాహ్నం ఎండలో చలి మొదలయ్యేదట. పక్క మంచాలవాళ్ళ కంబళ్ళన్నీ కప్పినా మంచం కోళ్ళు గడగడలాడేవట. తర్వాత ఒళ్ళు కాలిపోయేది, చివరికి పక్కంతా చెమటతో తడిసిపోయేది. మర్నాడు గంజి తాగి మామూలుగా తిరిగేవారు. ఆ మర్నాడు మళ్ళీ అదే వరస. తగ్గిందని ఇంటికి పంపేశారు. ఊళ్ళో మళ్ళీ వణుకు వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించారు.

నన్నడిగితే బర్మాలో అసలు శత్రువు దోమే. 1943లో గాయపడిన ఒక్కొక్కరికి 120 మంది చొప్పున జబ్బుపడి వెనక్కి వచ్చారని 14వ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ స్వయంగా రాశారు. అయినా ఊళ్ళోవాళ్ళు "తూటా ఎక్కడ తగిలింది?" అనే అడిగేవాళ్ళు. జ్వరమంటే పెదవి విరిచేవాళ్ళు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. జబ్బుపడి లేచినవాడు సిపాయి కాడా?

కాలేయంలోని క్రిమిని చంపే ప్రైమాక్విన్ ఆయన ఇల్లు చేరిన కొన్నేళ్ళకు వచ్చింది. కొరియా యుద్ధం నుంచి తిరిగొచ్చే అమెరికా సైనికులకు ఓడల్లోనే ఇచ్చారు. ఇప్పుడు మన పీహెచ్‌సీల్లో 14 రోజుల కోర్సు ఉచితంగా దొరుకుతుంది. జనమేమో జ్వరం తగ్గగానే మాత్రలు గూట్లో పడేస్తారు. మా బాబాయి కూడా అంతే. రెండోసారి వణుకు వచ్చాక గానీ కోర్సు పూర్తి చేయలేదు.