పర్సు దొరికిందన్నావు కదా, ముందు ఇది చదువు

చిరంజీవి శిరీషకు,

మైత్రీవనం దగ్గర టిఫిన్ బండి పక్కన ఎవరిదో పర్సు దొరికిందని, ఏం చెయ్యాలో తెలియక రాత్రంతా టెన్షన్ పడ్డావని మీ అమ్మ చెప్పింది. ఇచ్చెయ్యాలన్న బుద్ధి నీకు ఎలాగూ ఉంది, దాని గురించి నేను చెప్పక్కర్లేదు. సర్వీసంతా సిటీ బస్సుల్లో కండక్టర్‌గా చేసినవాణ్ణి, సీట్ల కింద దొరికిన పర్సులు చాలానే చూశాను. తిరిగి ఇవ్వబోయి మాట పడ్డవాళ్ళనూ చూశాను. "ఇందులో ఇంకో రెండు వేలు ఉండాలే" అని అవతలివాడు అంటే నీ దగ్గర జవాబు ఉండాలి కదా.

కాబట్టి ముందు లెక్క. హాస్టల్ వార్డెన్‌ని పిలిచి ఆమె ఎదురుగా పర్సు తెరువు. డబ్బు లెక్కపెట్టి, కార్డులన్నీ బల్ల మీద పరిచి, ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకో. అసలైతే దొరికిన చోటే, ఆ బండి అతని ముందే చెయ్యాల్సిన పని ఇది. అక్కడే ఓ పావుగంట నిలబడినా బాగుండేది, పారేసుకున్నవాళ్ళు వచ్చిన దారినే వెతుక్కుంటూ వస్తారు. సరే, ఇప్పుడు ఆ బండి అతనికి నీ నంబర్ ఇచ్చి రా. పర్సు మాత్రం ఇవ్వకు.

ఇక మనిషిని పట్టుకోవడం. పాన్ కార్డు మీద అడ్రస్ ఉండదు, ఫోన్ నంబరూ ఉండదు. ఆధార్ మీద అడ్రస్ ఉంటుంది కానీ అమీర్‌పేట హాస్టళ్ళలో ఉండే పిల్లల్లో చాలామంది ఆధార్‌లో సొంతూరి అడ్రసే ఉంటుంది. నీకు దొరికినదాంట్లో సూర్యాపేట వైపు ఊరట కదా. ఆ ఊరి పేరు చెప్పి అడుగు, మీ హాస్టల్లోనో కోచింగ్‌లోనో ఆ పక్కవాళ్ళు ఒకరైనా తగులుతారు. వాటికంటే పనికొచ్చేది పర్సులో ఉన్న ఆసుపత్రి ఓపీ చీటీ. దాని మీద పేషెంట్ నంబర్ ఉంటుంది, ఆసుపత్రి రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే వాళ్ళే అతనికి కబురు చెప్తారు. డెబిట్ కార్డు వెనకాల బ్యాంకు నంబర్ ఉంటుంది, దానికీ చెయ్యి. ఖాతాదారు ఫోన్ నంబర్ నీకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కార్డు దొరికిన సంగతి వాళ్ళ చెవిన వెయ్యి చాలు. ఈ పని ఇవాళే చెయ్యి. వైఫై గుర్తున్న కార్డుతో ఐదు వేల దాకా పిన్ లేకుండానే గీకేయొచ్చు, పోగొట్టుకున్నవాడికి ఆ భయం ఉంటుంది.

ఇప్పుడు అసలు ఇబ్బంది. తెలియని నంబర్ నుంచి "మీ పర్సు దొరికింది" అని ఫోన్ వస్తే ఈ రోజుల్లో ఎవడు నమ్ముతాడు? సైబర్ మోసం అనుకుని కట్ చేస్తారు. కోప్పడకు. ఆ ఊరివాళ్ళ ద్వారానో ఎలాగో అతని నంబర్ దొరికితే ముందు మెసేజ్ పెట్టు: నీ పేరు, ఎక్కడ దొరికింది, ఓటీపీలూ డబ్బులూ ఏమీ అడగను, ఫలానా చోటికి వచ్చి తీసుకోండి అని. ఆ తర్వాత ఫోన్ చెయ్యి. ఎత్తినవాణ్ణి నువ్వూ ఊరికే నమ్మొద్దు. పర్సు ఏ రంగు, లోపల ఇంకేం ఉన్నాయి అని అడుగు. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఆధార్ ఫోటో పెట్టకు తల్లీ, సాయం చేద్దామని మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు అదే.

సాయంత్రం దాకా ఎవరూ దొరక్కపోతే ఎస్.ఆర్.నగర్ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళకు, స్నేహితురాల్ని తీసుకెళ్ళు. ఏమేం అప్పగించావో కాగితం మీద రాసి, దాని కాపీ మీద సంతకం అడిగి తీసుకో. బస్సులో దొరికితే కండక్టర్‌కి, మెట్రోలో దొరికితే స్టేషన్ సిబ్బందికి ఇస్తే సరిపోతుంది. టికెట్ మాత్రం దాచుకో, ఏ బస్సు, ఏ టైమ్ అన్నది దాంట్లోనే ఉంటుంది.

కార్డులు ఇచ్చేసి డబ్బు ఉంచుకోమనో, హుండీలో వెయ్యమనో ఎవరైనా సలహా ఇస్తారు. ఊరివాళ్ళ సొమ్ముతో పుణ్యం ఏమిటి? చట్టం కూడా ఒప్పుకోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం దొరికిన వస్తువును తీసుకున్నవాళ్ళకు దాన్ని జాగ్రత్తగా కాపాడే బాధ్యత ఉంటుంది. ఎవరిదో తెలిసి కూడా సొంతానికి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు.

ఇంకొకటి. ఎప్పుడైనా రోడ్డు మీద నోట్ల కట్ట కనిపించి, అదే క్షణంలో ఎవడో పక్కకు వచ్చి "చెరి సగం" అన్నాడంటే ముట్టుకోకుండా నడిచిపో. అది పాత మోసం.

ఇచ్చేటప్పుడు పగటిపూట, నలుగురూ తిరిగే చోట ఇవ్వు. ఇరానీ హోటల్ అయితే మంచిది. అతని చేత నీ ముందే లెక్కపెట్టించు, అందిందని ఒక మెసేజ్ పెట్టమను. చాయ్ తాగమంటే తాగు, ఆటో ఖర్చు ఇస్తే తీసుకో, నామోషీ ఏం లేదు. అంతకు మించి ఇస్తే నీ ఇష్టం, నేనైతే తీసుకోను.

ఆసుపత్రికి పది గంటలు దాటాక చెయ్యి, పొద్దున్నే ఓపీ రద్దీలో ఎవరూ ఫోన్ ఎత్తరు. ఏమైందో రాత్రికి చెప్పు.

మీ పెద్దనాన్న