లెనార్డ్ ఆలస్యం తప్పేనా?

ప్రశ్న: 2019లో టొరంటో రాప్టర్స్‌ను ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్‌లో విజేతగా నిలిపి, ఫ్రీ ఏజెంట్‌గా (ఏ జట్టులోనైనా చేరే వీలున్న ఆటగాడిగా) మారిన కవాయ్ లెనార్డ్, ఏ జట్టులో చేరేదీ రోజుల తరబడి చెప్పకపోవడం అన్యాయమని నేనంటే, విక్టరీ ప్లేగ్రౌండ్‌లో నాతో ఆడే మిత్రులు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, చాదర్‌ఘాట్

జవాబు: మీ మిత్రుల పక్షమే సబబని నా అభిప్రాయం. ఆ ఏడాది జూన్ 30న చర్చలు మొదలైనా, జూలై 6 వరకు చాలా ఒప్పందాలపై సంతకాలకు నిబంధనలే అనుమతించలేదు. ఆయన నిర్ణయం వెలువడింది కూడా ఆ తేదీ వేకువనే. పైగా ఓక్లహోమా సిటీ జట్టు నుంచి పాల్ జార్జ్ అనే ఆటగాడిని రప్పించే మార్పిడి కుదిరాకే ఆయన లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కు సమ్మతించారు కనుక, దానిని ఊగిసలాట అనలేము. ఆయన కోసం జీతాల పరిమితిలో (ఆటగాళ్ల జీతాలకు లీగ్ విధించే హద్దులో) చోటు అట్టిపెట్టుకుని, ఇతర ఆటగాళ్లు చేజారుతున్నా వేచి చూసిన, అదే నగరపు మరో జట్టు లేకర్స్ అభిమానుల బాధ మాత్రం నిజమైనదే. టొరంటో వారిది అంతకన్నా పెద్దది.